రాత్రి కూర, రేపటి డబ్బా: ఫ్రిజ్ నిల్వపై తెగని వాదన

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అపార్టుమెంట్లలో ఆదివారం పూట వంటిల్లు ఖాళీగా ఉండదు. వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బుతారు. అల్లం వెల్లుల్లి ముద్ద నూరి సీసాకెత్తుతారు. కొత్తిమీర కట్టలు వలిచి డబ్బాల్లో సర్దుతారు. కిలో చికెన్‌ను పొట్లాలుగా విడదీసి ఫ్రీజర్‌లో పెడతారు. రెండు మూడు కూరలు ఒకేసారి వండి దాస్తారు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున తిరిగొచ్చేవాళ్ల ఇంట్లో, నలుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకుండే ఫ్లాట్‌లో వారం మొత్తం ఆ ఫ్రిజ్ మీదే నడుస్తుంది.

వాదన మొదలయ్యేదీ అక్కడే. ఊరి నుంచి వచ్చిన అమ్మో అత్తయ్యో తలుపు తెరిచి "రెండ్రోజుల కూర తింటున్నారా?" అని నొచ్చుకుంటారు. "ఫ్రిజ్‌లోనే ఉంది కదా, ఏమవుతుంది?" అని పిల్లలు సర్దిచెబుతారు. వేడి గిన్నె లోపల పెట్టొచ్చా? కరిగిన మాంసాన్ని మళ్లీ గడ్డకట్టించొచ్చా? మిగిలిన అన్నం ఎన్నాళ్లు ఉంచొచ్చు? ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు చలామణిలో ఉన్నాయి. ఒక్కో దేశపు ఆహార సంస్థ ఒక్కో లెక్క చెబుతోంది. ఎవరేమన్నారు, ఎందుకన్నారు, అందులో ఏది తేలింది, ఏది ఇంకా తేలలేదు అన్నది ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ఉట్టి నుంచి ఆల్విన్ దాకా

నిలవ తిండి తెలుగువాళ్లకు కొత్త కాదు. పోతన భాగవతంలో గోపబాలకులు యమునా తీరాన కూర్చుని చల్దులు పంచుకు తింటారు. పెద్దల మాటను కూడా మనం చద్దిమూటతోనే పోల్చుకున్నాం. రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పొద్దున తినడం కోస్తాలో చద్దన్నమైంది, తెలంగాణలో సద్దయింది. ఉట్టి మీద పెరుగు, ఎండబెట్టిన వరుగులు, వడియాలు, ఉప్పు చేపలు, జాడీలో ఆవకాయ అన్నీ నిల్వ విద్యలే.

వీటన్నిటికీ ఒక ఉమ్మడి సూత్రముంది. ఎండ తిండిలోని నీటిని తీసేస్తుంది. ఉప్పు ఆ నీటిని సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. పులుపు వాటిని ఎదగనివ్వదు. అంటే పాత పద్ధతి తిండి స్వభావాన్నే మార్చి కాపాడుతుంది. ఫ్రిజ్ చేసే పని వేరు. అది తిండిని మార్చదు, చెడే వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది. ఆవకాయ జాడీ మీద ఉన్న నమ్మకాన్ని అలాగే తెచ్చి ఫ్రిజ్‌లోని పప్పు గిన్నె మీద పెట్టడం వల్లే సగం చిక్కులు వచ్చాయి.

చద్దిని మెచ్చుకున్న ఇంట్లోనే నిలవ తిండి మీద నిషేధమూ ఉంది. ఆయుర్వేదం పర్యుషితాన్ని, అంటే రాత్రి దాటిన వంటను, వద్దంటుంది. భగవద్గీత 17వ అధ్యాయం జాము గడిచిన తిండిని తామసాహారంలో లెక్కగట్టింది. ఈ రెండు సంప్రదాయాలూ ఒకే వంటింట్లో పక్కపక్కనే బతికాయి. పులిసేందుకు వదిలిన అన్నానికీ, పాచిపోయిన అన్నానికీ తేడా తెలిసిన చేతులు ఉండటం వల్లే అది సాధ్యమైంది.

ఫ్రిజ్ మన ఇళ్లకు ఆలస్యంగా వచ్చింది. దేశీయ సంస్థగా గోద్రెజ్ 1958లో తొలి ఫ్రిజ్ తయారుచేసింది. హైదరాబాద్‌కు సొంత కథే ఉంది. 1942లో నిజాం కాలపు పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి నెలకొల్పిన ఆల్విన్ సంస్థ తర్వాతి కాలంలో సనత్‌నగర్ నుంచి ఫ్రిజ్‌లను దేశమంతటికీ పంపింది. పాత బస్తీ నుంచి విజయవాడ దాకా ఎన్నో ఇళ్లలో తొలి ఫ్రిజ్ పేరు ఆల్విన్. ఆ విభాగం 1990లలో వోల్టాస్ చేతికి వెళ్లింది. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. దాంతో మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య మొదలైన కొత్త జీవనశైలి ఫ్రిజ్ పాత్రను మార్చేసింది. అంతవరకు పాలు, పెరుగు, చల్లని నీళ్లు ఉండే పెట్టెలోకి వండిన భోజనం వచ్చి చేరింది.

మూడు పక్షాలు

మొదటిది తాజా వంట పక్షం. ఏ పూటకాపూట వండుకోవాలి, మిగిలితే పనిమనిషికో ఆవుకో పెట్టేయాలి, ఫ్రిజ్‌లో పెట్టినది సత్తువ లేని తిండి అన్నది దీని మాట. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తప్పు. ఫ్రిజ్ లేని కాలంలో, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఇంతకన్నా భద్రమైన నియమం మరొకటి లేదు. అయితే ఈ పక్షం తాజాదనాన్ని తేదీతో కొలుస్తుంది. పొద్దున 8 గంటలకు వండి సాయంత్రం 7 దాకా పొయ్యి గట్టు మీదే ఉన్న సాంబారు దీని దృష్టిలో ఈ రోజు వంట. నిన్న రాత్రి వండి, గంటలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన కూర నిన్నటిది. సూక్ష్మజీవుల లెక్కలో మొదటిదే ఎక్కువ ప్రమాదం.

రెండోది ఉష్ణోగ్రత పక్షం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన అయిదు సూత్రాలు దీనికి పునాది. శుభ్రత, పచ్చివాటినీ వండినవాటినీ వేరుచేయడం, బాగా ఉడికించడం, సరైన ఉష్ణోగ్రతలో ఉంచడం, సురక్షితమైన నీరు, సరుకులు వాడటం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ప్రాంతం బాక్టీరియాకు అనువైనది కాబట్టి వండిన తిండి అక్కడ రెండు గంటలకు మించి ఉండకూడదన్నది ఇందులో కీలకమైన వాక్యం. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హోటళ్లకు పెట్టిన నిబంధనలూ ఈ దారిలోనే ఉన్నాయి. చల్లని పదార్థాలు 5 డిగ్రీల లోపు, గడ్డకట్టినవి మైనస్ 18లో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాల్లోనూ శుభ్రమైన, సురక్షితమైన తిండికి చోటుంది.

మూడో పక్షం ఎక్కువగా మాట్లాడదు, కానీ అందరికన్నా ఎక్కువగా ఆచరిస్తుంది. పొదుపు పక్షం. తిండి పారేయలేం, రోజూ రెండు పూటలా వండే వ్యవధి లేదు, కాబట్టి దాస్తాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. భారతీయ ఇళ్ల వాటాను అది మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలుగా అంచనా కట్టింది. పొదుపు పక్షానికి మరో బలమైన వాదన ఉంది. పూటపూటా తాజాగా వండాలన్న నియమం బరువు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఒక్కరి భుజాల మీదే పడుతోంది. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు క్యాబ్ దిగిన ఆడమనిషిని ఫ్రిజ్‌లో కూర ఉన్నందుకు నిలదీయడం అన్యాయం. ఈ చర్చలో ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లు ఆ శ్రమను లెక్కలోకి తీసుకోవడం చాలా అరుదు.

మొదటి పక్షం తేదీ చూస్తుంది, రెండోది డిగ్రీలు చూస్తుంది, మూడోది వ్యవధి చూస్తుంది. ఒకరి కొలబద్దతో మరొకరిని కొలవడం వల్లే వాదన తెగడం లేదు.

చలికి లొంగనివి, వేడికి చావనివి

"వాసన బాగానే ఉంది, మళ్లీ మరిగిస్తే సరిపోతుంది." తెలుగు వంటింట్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఇందులో రెండు పొరపాట్లున్నాయి.

తిండిని పాడుచేసే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బు చేసేవి వేరు. మొదటివి వాసన తెస్తాయి, జిగురు తెస్తాయి, పప్పును తీగలు సాగిస్తాయి. రెండోవి చాలాసార్లు రంగు, రుచి, వాసన ఏదీ మార్చవు. ముక్కు ఒప్పుకుందంటే పాచిపోలేదని తెలుస్తుంది, అంతవరకే.

మరిగించడం సంగతి మరింత కీలకం. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాల్లాంటి గట్టి రూపంలో ఉడుకును తట్టుకుంటుంది. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ విత్తనాలు మొలిచి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషాన్ని 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. 1970లలో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకు వరసగా వాంతులవడంతో ఈ సంగతి లోకానికి తెలిసింది. ముందురోజు వండి బయట వదిలిన అన్నాన్ని మర్నాడు వేయించడమే కారణం. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున పులిహోర కలిపే, బిర్యానీ మర్నాటికి ఉంచుకునే మనకు ఇది దూరపు కథ కాదు. చేతి నుంచి తిండిలోకి చేరే స్టఫైలోకాకస్ విషానిదీ ఇదే తీరు. వంజరం, కానాగంతల వంటి చేపల్లో చల్లదనం లేక హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడితే, పులుసు ఎంత మరిగినా ఆ హిస్టమిన్ పోదు. భీమవరం, కాకినాడల నుంచి ఐసు పెట్టెల్లో రాత్రి బస్సెక్కి వచ్చే చేపల విషయంలో దారిలో ఐసు నిలిచిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పెద్ద గిన్నెలో చిక్కటి మటన్ కూర మధ్య భాగం చల్లారడానికి చాలాసేపు పడుతుంది. ఆ నడిమి వెచ్చదనంలో పెరిగే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ 45 డిగ్రీల దగ్గర సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. అందుకే అమెరికా హోటళ్ల నియమావళి చల్లార్చడానికి కూడా గడువు పెట్టింది. 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. ఇంట్లో ఇంత లెక్క అక్కర్లేదు. కూరను రెండు వెడల్పాటి గిన్నెల్లోకి తీసి, ఆ గిన్నెలను నీళ్లున్న పళ్లెంలో పెడితే అరగంటలో పని అవుతుంది.

ఇక ఫ్రిజ్ చలికి లొంగనివాటిలో లిస్టీరియా అనే బాక్టీరియాను చెప్పుకోవాలి. 4 డిగ్రీల్లోనూ అది నెమ్మదిగా పెరుగుతుంది. గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు నిలవ తిండి విషయంలో గట్టిగా జాగ్రత్త చెప్పడానికి కారణం ఇదే.

2003 ఆగస్టులో బెల్జియంలో ఒక కుటుంబానికి జరిగింది ఈ చర్చకు గుండెకాయ లాంటిది. శుక్రవారం చేసిన పాస్తా సలాడ్‌ను శనివారం విహారానికి తీసుకెళ్లారు, మిగిలినదాన్ని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. సోమవారం రాత్రి అది తిన్న అయిదుగురు పిల్లలూ జబ్బుపడ్డారు. ఏడేళ్ల పాప చనిపోయింది. తర్వాత పరీక్షిస్తే ఆ ఇంటి ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. సలాడ్ మొదట బయట తిరిగింది, ఆపైన పేరుకే ఫ్రిజ్ అయిన పెట్టెలో రెండు రోజులు గడిపింది. "ఫ్రిజ్‌లోనే ఉంది కదా" అనే మాటలో ఎంత నమ్మకం పెట్టవచ్చో ఈ ఒక్క ఘటన చెబుతుంది.

లెక్కలు ఎందుకు కలవవు?

అమెరికా వ్యవసాయ శాఖ వండిన తిండిని ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంచవచ్చంటుంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ రెండు రోజుల్లో తినేయాలంటుంది, అన్నమైతే ఒక్కరోజే. కరిగిన పచ్చిమాంసం సంగతిలోనూ భేదముంది. ఫ్రిజ్‌లోనే కరిగినదైతే వండకుండా మళ్లీ గడ్డకట్టించినా ప్రమాదం లేదని, రుచి మాత్రం తగ్గుతుందని అమెరికా మాట. పచ్చిదాన్ని మళ్లీ పెట్టొద్దు, వండాకే పెట్టండని బ్రిటన్ మాట. వేడి గిన్నెను నేరుగా ఫ్రిజ్‌లో పెట్టవచ్చని మొదటివారు, గంట రెండు గంటల్లో చల్లార్చి పెట్టమని రెండోవారు అంటారు. గుడ్ల దగ్గరైతే పూర్తి వైరుధ్యం. అమెరికాలో కడిగిన గుడ్లు అమ్ముతారు కాబట్టి ఫ్రిజ్ తప్పనిసరి. ఐరోపాలో కడగరు, పెంకు మీది సహజ పొర పోదు, దుకాణంలో బయటే ఉంచుతారు.

ఈ తేడాలు చూసి శాస్త్రానికే స్పష్టత లేదనుకోవడం తొందరపాటు. ఇవన్నీ ఒకే సూత్రం మీద వేర్వేరు దేశాలు ఎంచుకున్న జాగ్రత్త మోతాదులు. అందరూ ఒప్పుకునే అంశాలు మాత్రం రెండున్నాయి. బయట గడిపే కాలం రెండు గంటలు దాటకూడదు, ఫ్రిజ్ 5 డిగ్రీలకు మించకూడదు. అమెరికా శాఖ ఇంకో మాట కూడా అంది, మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది. బయట 32 డిగ్రీలు దాటితే గడువు రెండు గంటలు కాదు, ఒక్క గంటే. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట దాదాపు రోజూ ఈ ఒక్క గంట నియమమే వర్తిస్తుంది.

ఈ వ్యాసకర్త తీర్పు ఇది. "ఎన్నాళ్లు?" అన్న ప్రశ్న కన్నా "లోపలికి వెళ్లకముందు ఎన్ని గంటలు బయట ఉంది?" అన్నదే పెద్ద ప్రశ్న. గంటలోపు లోపలికి వెళ్లిన కూర మూడో రోజు తిన్నా, అయిదు గంటలు గట్టు మీద ఉండి వెళ్లిన కూర మర్నాడు తిన్నదానికన్నా భద్రం. అన్నం విషయంలో మాత్రం బ్రిటన్ గడువే మన వాతావరణానికి తగింది. ఒక్కరోజు, అంతే.

మన ఫ్రిజ్‌కు రాయని సలహాలు

పత్రికల్లో వచ్చే సలహాల్లో చాలా భాగం రెండు తలుపుల, ఫ్యాను తిరిగే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ను ఊహించుకుని రాసినవి. పచ్చిమాంసం అడుగు అరలో పెట్టండి అంటారు. రసం కారినా కింది వండినవాటి మీద పడదని కారణం. కానీ మన ఇళ్లలో, ముఖ్యంగా అద్దె ఫ్లాట్లలో, హాస్టళ్లలో ఎక్కువగా ఉండేది ఒంటి తలుపు ఫ్రిజ్. అందులో అడుగున ఉండేది కూరగాయల ట్రే, అంతగా చల్లబడని చోటు. అన్నిటికన్నా చల్లని చోటు పైన, ఫ్రీజర్ పెట్టె కిందుండే చిల్లర్ ట్రే. అక్కడ పెడితే కారే ప్రమాదం, అడుగున పెడితే చెడే ప్రమాదం. దీనికి తగిన జవాబు చిల్లర్ ట్రేలోనే పెట్టడం, పాలిథిన్ కవరులో కాకుండా మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టడం. పచ్చి చికెన్, చేప ఒకటి రెండు రోజులు, మటన్ ముక్కలు మూడు నుంచి అయిదు రోజులు ఉంటాయి. అంతకు మించితే ఫ్రీజరే.

తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చని, నిలకడ లేని చోటు. తయారీదారులు గుడ్ల గుంటలు, పాల సీసా గూడు అక్కడే పెట్టారు. పాల ప్యాకెట్లు లోపలి అరలోకి మారిస్తే విరగడం తగ్గుతుంది. తలుపులో ఉండాల్సినవి ఊరగాయలు, సాసులు, నీళ్ల సీసాలు. గుడ్లను ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టాక లోపలే ఉంచాలి. బయటికీ లోపలికీ తిప్పితే పెంకు మీద చెమట పట్టి, ఆ తడితో సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి.

అంకెల గుండ్రటి మీట గురించి కూడా చెప్పుకోవాలి. దాని మీద 1 నుంచి 7 దాకా ఉండే అంకెలు డిగ్రీలు కావు, చలి తీవ్రత మాత్రమే. 2 అంటే 2 డిగ్రీలనుకుని చలికాలంలో తిప్పి మళ్లీ ఏప్రిల్‌లో మార్చడం మరిచిపోయిన ఇళ్లలో ఫ్రిజ్ నిశ్శబ్దంగా 9, 10 డిగ్రీలకు చేరుతుంది. లోపల గాలి ఆడకుండా కుక్కి నింపినా అంతే. ఆరుగురు వాడే హాస్టల్ ఫ్రిజ్ ఈ రెండు జబ్బులతోనూ బాధపడుతుంది. ఎవరి డబ్బా ఎప్పటిదో తెలియదు, తలుపు మూసి ఉండేది తక్కువ. పేరు, తేదీ రాసిన చీటీ ఒకటి అంటించుకోవడం అక్కడ మర్యాదకు సంబంధించినదే కాదు, ఆరోగ్యానికి సంబంధించినది కూడా. హోటళ్ల ఫ్రిజ్‌లలో తేదీ చీటీలు లేవని, పచ్చివీ వండినవీ కలిపి పెట్టారని తెలంగాణ ఆహార భద్రత బృందాలు 2024లో వరసగా తనిఖీలు చేసి బయటపెట్టాయి. ఇంటి ఫ్రిజ్‌ను తనిఖీ చేయడానికి ఎవరూ రారు.

ఫ్రీజర్: ఆగిన గడియారం

ఫ్రీజర్ సూక్ష్మజీవులను చంపుతుందన్నది విస్తారంగా ఉన్న అపోహ. చాలావాటిని అది నిద్రపుచ్చుతుంది. గది వేడి తగలగానే ఎక్కడ ఆగాయో అక్కణ్నుంచి మొదలుపెడతాయి. అందుకే పొద్దున ఆఫీసుకు వెళ్తూ చికెన్ పొట్లాన్ని సింకులో వదిలి సాయంత్రం వండటం ప్రమాదకరమైన అలవాటు. లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది, పైపొర గంటల తరబడి 30 డిగ్రీల్లో ఉంటుంది. ముందు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించడం ఉత్తమం. తొందరైతే కవరు విప్పకుండా చల్లని నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే వెంటనే వండేయాలి.

మైనస్ 18 డిగ్రీల్లో తిండి భద్రత పరంగా ఎంతకాలమైనా ఉంటుంది, తగ్గేది నాణ్యత. నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవై కణాల పొరలను చీలుస్తాయి. కరిగాక మాంసం నీరోడేది, చేప పీచుబారేది అందుకే. పెద్ద ముద్దగా కాక పలచగా పరిచి పొట్లాలు కడితే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. గాలి చొరబడితే పైతేమ ఆవిరై తెల్లని మచ్చలు పడతాయి. తిన్నా ప్రమాదం లేదు, రుచి ఉండదు.

కొనేటప్పుడు గందరగోళపెట్టే విషయం నక్షత్రాలది. తలుపు మీద అంటించిన విద్యుత్ పొదుపు నక్షత్రాలు కరెంటు బిల్లుకు సంబంధించినవి. ఫ్రీజర్ అర మీద ముద్రించే నక్షత్రాలు చలికి సంబంధించినవి. ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. అయిదు నక్షత్రాల పొదుపు ఫ్రిజ్‌లోనూ ఫ్రీజర్ ఒక్క నక్షత్రానిదే కావచ్చు. అందులో నెలల తరబడి రొయ్యలు దాచడం సరికాదు, వారం పది రోజుల్లో వాడేయాలి.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుంటే కింది అరలు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చలి నిలుపుతాయి.

ఇంకా తేలనివి

ఇడ్లీ, దోసె పిండి మీద ఏకాభిప్రాయం లేదు. పులిసిన పిండిలోని లాక్టిక్ బాక్టీరియా పుట్టించే పులుపు ప్రమాదకర జీవులను అణచిపెడుతుంది కాబట్టి అది పప్పుకన్నా చాలా భద్రం. ఫ్రిజ్‌లోనూ పులియడం ఆగదు, నెమ్మదిస్తుంది. అయిదో రోజు పిండి చెడిందా, కేవలం పులిసిందా అన్నది ఇప్పటికీ ముక్కుకే వదిలేశాం. గులాబీ, నారింజ చారలు కనిపిస్తే మాత్రం సందేహం అక్కర్లేదు, పారబోయాలి.

చద్దన్నానిది ఇంకా చిక్కు ప్రశ్న. చల్లారిన అన్నంలో త్వరగా అరగని పిండిపదార్థం పెరుగుతుందని, పులియడం మేలు చేస్తుందని ఒక వైపు పరిశోధనలు చెబుతున్నాయి. బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ భయం మరో వైపు. మజ్జిగ కలిపిన అన్నంలో పులుపు త్వరగా పెరిగి కాపాడుతుంది. వట్టి నీళ్లు పోసినదానికి ఆ రక్షణ ఆలస్యంగా అందుతుంది. ఆ మధ్యకాలం 38 డిగ్రీల వంటింట్లో ఎంత ప్రమాదమన్నది ఇళ్లలోని పద్ధతుల మీద తేల్చాల్సిన ప్రశ్న. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊరికి ఆ పరిశోధన మీద మొదటి హక్కు, మొదటి బాధ్యత రెండూ ఉన్నాయి.

బంగాళాదుంపల విషయంలో శాస్త్రమే మాట మార్చింది. ఫ్రిజ్‌లో పెడితే పిండి చక్కెరగా మారి, వేయించినప్పుడు హానికర అక్రిలమైడ్ పెరుగుతుందని బ్రిటన్ సంస్థ చాలాకాలం హెచ్చరించింది. 2023లో ఆ సలహా వెనక్కి తీసుకుని, వృథా తగ్గుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టవచ్చంది. టమాటా సంగతి రుచికి సంబంధించింది. 12 డిగ్రీల లోపు దాని సువాసన జన్యువులు మందగిస్తాయని 2016లో ఫ్లోరిడా పరిశోధకులు చూపించారు. కూకట్‌పల్లి రైతు బజారులో దోరగా కొన్నవి బయట మాగనిచ్చి, పూర్తిగా పండాక లోపల పెట్టడం నడిమి దారి.

అల్లం వెల్లుల్లి ముద్ద మీద మాత్రం సందేహానికి తావులేదు. నూనెలో మునిగిన వెల్లుల్లి గాలి తగలక బోట్యులిజం జబ్బు తెచ్చే విషానికి అనువుగా మారుతుంది. 1985లో కెనడాలోని వాంకోవర్‌లో ఫ్రిజ్ బయట ఉంచిన వెల్లుల్లి నూనె వల్ల 36 మంది ఆ జబ్బు బారిన పడ్డారు. ఇంట్లో నూరిన ముద్ద గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, వారంలో అయిపోవాలి, ఎక్కువైతే ఐసు ట్రేలో గడ్డకట్టించుకోవాలి. మసాలాలు, పసుపు తిండిని కాపాడతాయన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. కూరలో మనం వేసే మోతాదుకు అంత శక్తి లేదు. పైగా మసాలా దినుసులే బాక్టీరియా విత్తనాలను మోసుకొస్తాయి.

చేయాల్సిన పని

ఈ చర్చలో ప్రతి సలహా ఒక అంకె మీద ఆధారపడింది, 5 డిగ్రీలు. ఆ అంకె మన ఇళ్లలో ఎవరికీ కనిపించదు. ఒంటి తలుపు ఫ్రిజ్ కొన్న మనిషికి 1 నుంచి 7 దాకా అర్థం లేని మీట ఇచ్చి, లోపల ఎంత చలి ఉందో తెలుసుకునే దారి లేకుండా పంపుతున్నాం. విద్యుత్ పొదుపు చీటీని తప్పనిసరి చేయగలిగిన దేశానికి, ప్రతి ఫ్రిజ్‌లో చిన్న ఉష్ణమాపకాన్ని తప్పనిసరి చేయడం కష్టం కాదు. తయారీ సంస్థలూ, ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ విభాగాలూ ఈ పని వెంటనే చేపట్టాలి.

అప్పటిదాకా పాఠకులకు ఒక విన్నపం. ఫ్రిజ్ థర్మామీటరు ఒకటి కొనండి. రాత్రి ఒక గ్లాసు నీళ్లలో దాన్ని ముంచి నడిమి అరలో పెట్టండి. పొద్దున తలుపు తెరవగానే చూడండి. 5 కన్నా ఎక్కువ చూపిస్తే మీటను ఒక అంకె పెంచి, మర్నాడు మళ్లీ చూడండి.